నమాజు నడిపించిన వాడి పేరు

మా గురువుగారి కంటే తొమ్మిది రోజుల ముందే చనిపోయిన ఖాజీ, ఆ గురువుగారి శవం ముందు నిలబడి జనాజా నమాజు నడిపించాడని, ఆ ఖాజీ భార్య లల్లా బతూల్ నా ముందు టీ గ్లాసు పెడుతూ చెప్పింది.

నేను గ్లాసు అందుకోలేదు.

"మళ్ళీ చెప్పండమ్మా."

"చెవుడా నాయనా? ఫెజ్ వాళ్ళకి చదువెక్కువై చెవులు పూడుకుపోతాయని మా ఆయన అంటుండేవాడులే. మీ సీదీ ఘాలీకి నమాజు నడిపించింది మా ఆయనే. తూర్ రేవులో, ఆ ఇసుకలో, పొద్దు వాలుతుండగా. ఆడవాళ్ళ షెడ్డు గుమ్మంలో నిలబడి నేను చూశాను."

"అది ఖాజీగారు పోయే ముందా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "పోయాక నడిపిస్తాడా? రెండు రోజుల ముందు. ఆ నమాజు నించి వచ్చాకే వణుకు మొదలైంది. మర్నాడంతా ఒళ్ళు కాలిపోయింది. ఆ మర్నాడు పోయాడు."

ఖాజీ సీ జిలాలీ పోయిన రోజు నాకు కంఠతా వచ్చు. హిజ్రీ 1354వ సంవత్సరం, జిల్‌హజ్ నెల ఇరవై ఏడు. రాసింది నేనే. మా గురువుగారు పోయిన రోజు కూడా కంఠతా వచ్చు. 1355, మొహర్రం ఆరు. అదీ నేనే రాశాను. మధ్యలో పాత సంవత్సరం ముగిసి కొత్త సంవత్సరం వచ్చింది. ఇద్దరి పేర్లూ రెండు వేరు వేరు పుస్తకాల్లో ఉన్నాయి.

ఆ పుస్తకాల పనే నా పని. ఫెజ్‌లో పెద్ద మసీదు పక్క గదిలో అయిదు తరాలుగా వెళ్ళినవారి పుస్తకం నడుస్తోంది. ఏడాదికొక సంపుటం. ఆ ఏడు చనిపోయిన పండితులు, ఖాజీలు, పేరున్న పనివాళ్ళు, అందరూ తేదీల వరసలో. ఎవరి కొడుకు, ఏం చేశాడు, ఏ రోజు పోయాడు, చెప్పిన సాక్షులిద్దరు ఎవరు, చివరికి జనాజా నమాజు నడిపించింది ఎవరు. ఆ చివరి పేరు లేకుండా మా పుస్తకంలో ఎవరి కథా ముగియదు. ఏడాది ఆఖరి రోజున, సాయంకాలపు అస్ర్ నమాజు అయ్యాక పెద్దల ముందు మొత్తం చదివి, కుట్టి, ముద్ర వేస్తాం. ఆ తర్వాత అందులో చుక్క కూడా మార్చడానికి వీల్లేదు. హజ్ యాత్రలో పోయినవాళ్ళ కోసం మాత్రం పాత సంపుటానికి ముద్ర వెయ్యకుండా రెండు నెలలు ఆగి, వార్త వచ్చాక ఆ పేర్లు కూడా చదివి చేరుస్తాం.

గురువుగారు సీదీ ఘాలీ ఆ పుస్తకానికి పెద్ద. రాసేవాడిని నేను. ఊరంతా తిరిగి వార్తలు తెచ్చేవాడు బెన్నాసర్. ఇరవై రెండేళ్ళు ముగ్గురం ఒకే చాప మీద కూర్చున్నాం. పోయినేడు గురువుగారు హజ్‌కి బయల్దేరితే, ఆయన్ని చూసుకోవడానికి బెన్నాసర్ వెంట వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో తూర్ రేవులో, ఓడలన్నీ ఆపి యాత్రికులకి రోగాలున్నాయేమో చూసే చోట, గురువుగారికి జ్వరం తగిలింది. ఫెజ్ వాళ్ళంతా ముందు ఓడలో వచ్చేశారు. వెనక ఓడకి ఆగిన మనవాళ్ళు నలుగురే: గురువుగారు, బెన్నాసర్, సెఫ్రూ ఊరి ఖాజీ సీ జిలాలీ, ఆయన భార్య.

బెన్నాసర్ ఒక్కడే మా గదికి తిరిగొచ్చాడు. చేతిలో గురువుగారి ముద్ర ఉంగరం, ఒక కాగితం. కాగితం మీద తేదీ మొహర్రం మూడు. బెన్నాసర్ రాత, గురువుగారి ముద్ర. చేయి వణుకుతోందని చెప్పి రాయించారట. అందులో రెండే మాటలు. పుస్తకం ఇక బెన్నాసర్‌ది. అల్లాల్ చేయి మంచిదే కాని, మనసు నమ్మదగినది కాదు.

అల్లాల్ అంటే నేను.

ఆ కాగితం చదివినప్పటి నించి గురువుగారి పేరు నోట పలకడం మానేశాను. ఇరవై రెండేళ్ళు ఎవరి కాళ్ళ దగ్గర కూర్చున్నానో, ఆయన చచ్చిపోయే మూడు రోజుల ముందు నా గురించి అలా అనిపించిందా ఆయనకి? కోపంతో ఆయన పేజీ మూడు వాక్యాల్లో ముగించాను. తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళ పెద్దకి కూడా పదకొండు వాక్యాలు రాసినవాణ్ణి. నమాజు నడిపించింది ఎవరని అడిగితే బెన్నాసర్, "ఎవరో ఈజిప్టు ఇమాంరా, పేరు అడగలేదు" అన్నాడు. అక్కడ ఖాళీ వదిలేశాను. పదకొండు నెలలు ఆ ఖాళీని చూసి కూడా చూడనట్టు పక్కకి పెట్టాను.

రేపు ఏడాది ఆఖరి రోజు, పుస్తకం చదవాలి. ఖాళీతో చదివితే పుస్తకానికి తలవంపులు. అందుకని ఆ ఈజిప్టు ఇమాం పేరు ఖాజీగారి భార్యకేమైనా తెలుసేమో కనుక్కుందామని పొద్దున్నే బస్సెక్కి సెఫ్రూ వచ్చాను. అంతే నా పని.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎవరడిగారు? నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టలు కట్టుకుని గోడల మధ్య కూర్చున్నాను. మా ఆయన పోయిన తేదీకి సాక్ష్యం కావాలని మీ బెన్నాసర్ వచ్చాడు. నన్ను పలకరించాడా? లేదు. వాకిట్లో నిలబడి మా మరిదిని అడిగాడు. మా మరిదికి తూర్ తూర్పునుందో పడమరనుందో తెలీదు. లోపలికొచ్చి నన్నడిగి, బయటికెళ్ళి వాడికి చెప్పాడు. సాక్షి పేరు మా మరిదిది రాసుకున్నారు. అవునా?"

అవును.

"నేనొక సంగతి అడగనా నాయనా," అని ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టింది. "పుస్తకం పెద్దరికం ఎలా ఉంది? బాగా బరువా?"

"నాకా?"

"మరి అల్లాల్‌వి నువ్వేగా? మా ఆయన ఆడవాళ్ళ షెడ్డు కంచె దగ్గరికొచ్చి చెప్పాడు. సీదీ ఘాలీ ఇవాళ నన్నూ ఆ బెన్నాసర్‌నీ ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకం అల్లాల్‌కి అప్పగిస్తున్నానన్నాడు, రేపు కాగితం రాసి ముద్ర వెయ్యాలి అని. ఆ మధ్యాహ్నమే పెద్దాయన పోయాడు. మర్నాటికి మా ఆయన జ్వరంలో పడ్డాడు, ఆ కాగితం రాయనే లేదు."

టీ వేడిగా ఉంది. తాగేశాను. నాలుక కాలింది.

"పెద్దరికం బెన్నాసర్‌కి దక్కిందమ్మా, గురువుగారు మొహర్రంలో పోయారని పుస్తకంలో ఉంది. మీరొచ్చి రేపు పెద్దల ముందు ఈ మాట చెప్తారా?"

"వస్తా. నాకేం, బస్సుంది. కాని ఒక్క ఆడదాని మాట మీ పుస్తకంలో సాక్ష్యానికి ఎదురు నిలబెడతారా మీవాళ్ళు? గురువుగారు మొహర్రంలో పోయాడని ఇద్దరు మగాళ్ళు సాక్ష్యం చెప్పే ఉంటారుగా. ఒకడు బెన్నాసర్. ఆ రెండోవాడెవడు?"

యాత్రలో పోయినవాళ్ళకి మేం కాస్త సడలింపు ఇచ్చుకున్నాం. చూసినవాడొకడు, వాడి నోట విన్నవాడొకడు ఉంటే చాలు.

"నేనే," అన్నాను.

"చూడకుండానే?"

"స్నేహితుడు చెప్పాడు కదా అని."

లల్లా బతూల్ పళ్ళెంలోంచి రొట్టె ముక్క తుంచి నా ముందు పెట్టింది. "తిను," అంది. "ఖాళీ కడుపుతో వెళ్ళకు ఆ మనిషి దగ్గరికి."

*

మర్నాడు పొద్దున్న నేను గదికి వెళ్ళేసరికి బెన్నాసర్ రెండు గిన్నెల బిస్సారా తెప్పించి కూర్చున్నాడు. చిక్కుడు గింజల చారు, పైన నూనె, జీలకర్ర. ఏడాది ఆఖరి రోజు మేం తినేది అదే. మూడో గిన్నె ఇక లేదు.

"రారా, చల్లారిపోతోంది. నిన్న ఎక్కడ చచ్చావ్? రోజంతా వెతికించాను."

"ఒంట్లో బాలేదు."

"నీకెప్పుడు బాగుంది కనక? పేజీలన్నీ అయ్యాయా?"

"ఒక్కటి ఉంది. గురువుగారిది. నమాజు పేరు ఖాళీగా ఉంది."

అతను రొట్టె ముంచుకుంటూ తలెత్తలేదు. "చెప్పాను కదరా. ఈజిప్టువాడు. నల్లటి పొడుగాటి మనిషి. ఆ జ్వరాల మధ్య పేర్లు అడుగుతూ కూర్చుంటామా? 'ఒక ఈజిప్టు ఇమాం' అని రాసి పారెయ్."

"సరే. ఆయన్ని ఎక్కడ పెట్టారు? పక్కన ఎవరున్నారు?"

"ఇసుకరా. పక్కన ఇసుక, ఆ పక్కన ఇసుక."

"ఖాజీ సీ జిలాలీని కూడా అక్కడే పెట్టారుగా. దగ్గరేనా?"

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇరవై రెండేళ్ళు ఆ చేతిని చూసినవాణ్ణి. ఎవరో దాచిపెట్టిన చావు వార్త పసిగట్టినప్పుడు ఆగేది అలాగే.

"ఎక్కడో ఆ చివర," అన్నాడు. "నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గురువుగారి మంచం వదిల్తేగా. ఏంరా, ఇవాళ ఇన్ని ప్రశ్నలు? పెళ్ళి సంబంధం చూస్తున్నావా నాకు?"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉందో తెలీదు. నాకొక ఆశ ఉండింది అప్పటి దాకా. లల్లా బతూల్ పెద్దది, దుఃఖంలో రోజులు తారుమారు చేసుకుని ఉంటుందేమోనని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను. అబద్ధం ఆవిడది కావాలని మొక్కుకున్నాను కూడా. ఇప్పుడా ఆశ బిస్సారా గిన్నెలోనే పోయింది.

"చదివే ముందు పేజీలు ఒకసారి చూస్తావా?" అన్నాను. ఆఖరిసారిగా ఒక తలుపు తెరిచి పెట్టాను.

"నీ రాత నేను సరిచూడాలా? చేయి మంచిదని గురువుగారే అన్నారుగా." చెయ్యి తుడుచుకుని లేచాడు. "అస్ర్‌కి వస్తా. మంచి జెల్లాబా ఇస్త్రీకిచ్చాను."

అతను వెళ్ళాక నేను మూడు వాక్యాల కాగితం చించేశాను. కొత్తది తీసుకున్నాను. మధ్యాహ్నం జుహ్ర్ నమాజు పిలుపు వినపడే దాకా తల ఎత్తకుండా రాశాను. ఆయన ఎవరి కొడుకో, ఎవరి దగ్గర చదువుకున్నాడో, ఒక సామాన్యుడి చావు తేదీ సరి చెయ్యడానికి మంచులో మెక్నెస్ దాకా నడిచి వెళ్ళడం, తన పుట్టిన రోజు మాత్రం ఎవరడిగినా చెప్పకపోవడం. పదకొండు నెలలు లోపల ఆపినదంతా వచ్చింది. తేదీ దగ్గర మొహర్రం ఆరు అనే ఉంచాను. సాక్ష్యం అదే కాబట్టి, దాన్ని మార్చే హక్కు నాకు లేదు. కాని ఆఖరి వాక్యం నిజం రాశాను. ఖాళీ నింపాను.

మా పద్ధతిలో పుస్తకం పెద్ద, రాసినది రాసినట్టు గట్టిగా చదవాలి. మధ్యలో ఆపకూడదు, మింగకూడదు, మార్చకూడదు.

*

పెద్దలు పదకొండు మంది వచ్చారు. గోడకి ఆనుకుని కూర్చున్నారు. లల్లా బతూల్ వాకిట్లో మెట్టు మీద, ముఖం కప్పుకుని కూర్చుంది. ఎవరూ ఆవిణ్ణి పట్టించుకోలేదు.

బెన్నాసర్ మొహర్రం నెలతో మొదలుపెట్టాడు. మంచి గొంతు అతనిది. ఒక్కో పేరు తర్వాత అందరూ చేతులెత్తి, పోయినవారి కోసం దువా చేస్తున్నారు.

"కాస్త గట్టిగా," అన్నాడు హాజీ మెక్కీ. నేతగాళ్ళ పెద్ద, ఎనభై దాటినవాడు. "పోయినవాళ్ళకి వినపడక్కర్లేదు. నాకు వినపడాలి."

నవ్వారు. మూడో పేరు గురువుగారిది.

బెన్నాసర్ మొదటి వాక్యం చదివి నా వైపు చూశాడు. పేజీ పొడుగు పెరిగిందని తెలిసింది అతనికి. చదువుతూ పోయాడు. మెక్నెస్ నడక దగ్గర ఎవరో ముక్కు చీదారు. నేను అతని మొహం మీంచి కళ్ళు తిప్పలేదు.

"...తూర్ రేవులో మొహర్రం ఆరవ రోజున కన్నుమూశారు. చూసిన సాక్షి బెన్నాసర్, విన్న సాక్షి అల్లాల్. వారి జనాజా నమాజును నడిపించినవారు, సెఫ్రూ ఖాజీ..."

ఆగిపోయాడు.

"ఖాజీ ఎవరు?" అన్నాడు హాజీ మెక్కీ. "మింగకు బాబూ, చదువు."

"సీ జిలాలీ," అన్నాడు బెన్నాసర్. అక్షరం అక్షరం ఈడ్చుకుంటూ.

గదిలో ఎవరూ దువా చెయ్యలేదు. హాజీ మెక్కీ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "సీ జిలాలీ పోయినేటి పుస్తకంలో కదా ఉన్నాడు? ఇక్కడే కూర్చుని విన్నాను. జిల్‌హజ్‌లో పోయాడు. ఒరే అల్లాల్, ఏం రాశావురా? చచ్చిపోయినవాడు లేచొచ్చి నమాజు చేయించాడా?"

"రాసింది నిజం హాజీగారూ," అన్నాను. "నమాజు ఆయనే నడిపించారు. ఆయన భార్య మెట్టు మీద కూర్చుని ఉన్నారు, అడగండి. తప్పు ఎక్కడుందో నాకు తెలీదు. చూసిన సాక్షి నేను కాదు."

పదకొండు తలలు బెన్నాసర్ వైపు తిరిగాయి. అతను వాకిలి వైపు చూశాడు. లల్లా బతూల్ లేచి నిలబడింది.  

బెన్నాసర్ పేజీ మోకాలి మీద బోర్లా పెట్టాడు. పెద్దల్ని చూడలేదు. నన్నే చూశాడు.

"నువ్వు వెళ్ళి ఆవిణ్ణి అడుగుతావని అనుకోలేదురా," అన్నాడు. "సరే. విను. అందరూ వినండి.

"పెద్దాయన జిల్‌హజ్ ఇరవై అయిదున పోయారు. ఆ పొద్దున్నే నన్నూ ఖాజీగారినీ కూర్చోబెట్టి, పుస్తకం అల్లాల్‌కి అన్నారు. నలభై రోజులు ఆయన్ని ఎత్తుకుని తిరిగింది నేను. ఓడలో ఆయన కక్కినదంతా ఈ చేతుల్తో ఎత్తిపోశాను. అరఫాత్ మైదానంలో ఎండ తగలకుండా నా భుజం మీది గుడ్డ తీసి పట్టుకుని రోజంతా నిలబడ్డాను. ఆఖరికి నోట్లోంచి వచ్చిన పేరు ఇది. ఫెజ్‌లో నీడపట్టున కూర్చున్నవాడి పేరు. నన్ను చూసి, 'నువ్వు తిరిగేవాడివి నాయనా, వాడు కుదురుగా కూర్చునేవాడు' అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమే నేను తట్టుకోలేకపోయాను.

"ఉంగరం శవాన్ని కడిగేటప్పుడు తీశాను. వేలు వాచిపోయి ఉంటే సబ్బు రాశాను. అప్పటికి ఏమీ అనుకోలేదు, తెచ్చి నీకే ఇద్దామనుకున్నాను. ఒట్టు. రెండు రోజులకి ఖాజీగారు కూడా పోయారు. ఆ మాట విన్నవాడు ఇక భూమ్మీద నేనొక్కణ్ణే. అప్పుడు కాగితం తీశాను.

"మొదట తేదీ జిల్‌హజ్ అనే వేశాను. వేశాక తట్టింది. ఖాజీ పక్కనుండగా రాసిన కాగితం మీద ఖాజీ ముద్ర ఎందుకు లేదని ఎవడైనా అడుగుతాడు. అందుకని చించేసి, గురువుగారికి పదకొండు రోజులు ఆయుష్షు పోశాను. ఖాజీ పోయాక కూడా ఆయన్ని బతికించాను. ఇంకో లాభం కూడా కనపడింది. ఇద్దరూ ఒకే ఏడాది పోతే ఒకే పుస్తకంలో, పక్క పక్క పేజీల్లో ఉంటారు. ఒకరి తర్వాత ఒకరిని గట్టిగా చదువుతాం. ఏదో ఒకటి బయటపడుతుంది. ఏడాది మారిస్తే మధ్యలో అట్ట అడ్డం వస్తుంది. ఇరవై రెండేళ్ళు ఈ పని చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?

"నీ సాక్ష్యం అడగడానికి నాకు భయం వెయ్యలేదురా. అడిగితే సంతకం పెడతావని తెలుసు. పెట్టావు. తల కూడా ఎత్తలేదు.

"నీ మనసు నమ్మదగినది కాదన్న వాక్యం గురించి అడగవేం? అది పెద్దాయన ఎప్పుడూ అనలేదు. కాగితానికి అది అక్కర్లేదు కూడా. పుస్తకం నాకు అన్న ఒక్క మాట చాలు. కాని ఆ ఒక్క మాటే రాస్తే నువ్వు ఊరుకునేవాడివి కాదు. ఎందుకని అడిగేవాడివి, ఓడలో ఎవరెవరున్నారో వెతికేవాడివి, మొదటి వారంలోనే సెఫ్రూ బస్సెక్కేవాడివి. గురువుగారు నిన్ను అవమానించారని తెలిస్తే మాత్రం, ఆయన పేరెత్తడం మానేసి ఓ మూల కూర్చుంటావు. ఆయన ఎలా పోయారని కూడా అడగవు. నువ్వు అడగలేదు కూడా. ఇరవై రెండేళ్ళు నీ పక్కన కూర్చున్నానురా అల్లాల్. నీకు ఎక్కడ కొడితే నోరు పడిపోతుందో నాకు కాక ఇంకెవరికి తెలుసు?"